ఆల్బీ నిలబడే వైపు

బూరంగ ఊళ్ళో, బంతిని తన్నడమే కాక చేత్తో కూడా పట్టుకుని ఆడే మా ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న శనివారం జనమంతా మా జట్టు గోల్ కొట్టే వైపే చేరతారు. కంచె చుట్టూ కార్లు వరసగా ఆపుకుని, గోల్ పడ్డప్పుడల్లా హారన్లు మోగిస్తారు. ఆటలో ఉండే నాలుగు క్వార్టర్లలో ఒక్కోటి అయ్యాక జట్లు వైపులు మారతాయి కాబట్టి, జనం కూడా చేతిలో మాంసం కూరి కాల్చిన వేడి వేడి పై రొట్టె పట్టుకుని కబుర్లాడుకుంటూ అవతలి చివరికి నడుస్తారు. ఆల్బీ ట్రెతోవన్ ఒక్కడే వాళ్ళకి ఎదురు నడుస్తాడు. శత్రువులు గోల్ కొట్టాల్సిన స్తంభాల వెనకాలకి వచ్చి, కంచె మీద మోచేతులాన్చి నిలబడతాడు. ఎవరన్నా అడిగితే, "గెలిచేది అక్కడే, ఒప్పుకుంటా. పోయేది మాత్రం ఇక్కడ. పోయేచోట ఒకడన్నా కాపలా ఉండొద్దూ?" అంటాడు.

కాపలా అంటే మరేం కాదు, నోటికొచ్చినట్టు తిట్టడం.

ఆయనకి అరవయ్యారేళ్ళు. ముప్ఫై ఏళ్ళపాటు పాల ట్యాంకర్ నడిపాడు. తెల్లవారకముందే బయల్దేరి ఒక డెయిరీ నుంచి ఇంకో డెయిరీకి, మాట్లాడే మనిషి లేకుండా తిరిగే ఉద్యోగం. వారమంతా మింగిన మాటల్ని శనివారానికి దాచిపెట్టుకునేవాడు. ఆ శనివారాలే లేకపోతే తనకి పిచ్చెక్కి ఉండేదని ఆయనకి బాగా తెలుసు. ఆటకి రుణపడి ఉన్నానని మనసులో వందసార్లు అనుకుని ఉంటాడు. పైకి మాత్రం ఒక్క మంచిమాట వచ్చేది కాదు.

ఆయన తిట్లలో ముప్పాతిక వంతు హోలిస్ మక్‌రేకి దక్కేవి. హోలిస్ మా ఫుల్‌బ్యాక్. అంటే గోల్ ముందు నిలబడి, అవతలి జట్టులో అందరికన్నా ప్రమాదకరమైన ఆటగాణ్ణి కనిపెట్టుకుని ఉండాల్సినవాడు. ఇరవయ్యో ఏట జట్టులోకి వచ్చాడు, ఇప్పుడు ముప్ఫైనాలుగు. మనిషి భారీగా ఉంటాడు, నెమ్మదిగా కదులుతాడు. తను ఆపాల్సినవాడి ముందుకి రాకుండా ఎప్పుడూ వాడి వెనకాలే నిలబడి, బంతి వచ్చే క్షణంలో చెయ్యి చాచి పిడికిలితో కొట్టేస్తాడు. అది ఆల్బీకి ఒంటికి కారం రాసినట్టుండేది. "ముందుకి రారా హోలిస్. వాడి వీపుకేసి ఏం చూస్తావు, దాని మీద నీ పేరు రాసుందా?" అని పద్నాలుగేళ్ళుగా అరుస్తూనే ఉన్నాడు. హోలిస్ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు, ముందుకి రానూ లేదు.

మిగిలిన పావు వంతూ కోచ్ గావన్ స్ట్రికెట్‌కి. గావన్‌కి ఊళ్ళో టైర్ల షాపుంది. రెండేళ్ళ క్రితం అతను కోచ్ అయ్యాక కొత్త పద్ధతి మొదలుపెట్టాడు. బంతిని పొడుగ్గా ముందుకి తన్నకుండా, చిన్న చిన్నగా పక్కకీ వెనక్కీ ఇచ్చుకుంటూ దారి దొరికేదాకా ఆగడం. ప్రతి ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికల్లా ఆల్బీ అతనికి ఫోన్ చేసేవాడు.

"గావన్, నిన్న మనవాళ్ళు బంతి వెనక్కి ఎన్నిసార్లు ఇచ్చారో లెక్కపెట్టావా? నేను పెట్టాను. ఇంకో రెండు ఇచ్చుంటే బంతి మా ఇంటికొచ్చేది."

"పెద్దాయనా, నిన్న ఏడు గోల్స్ తేడాతో గెలిచాం."

"అదే చెప్తున్నా. పన్నెండు తేడాతో గెలవాల్సింది. ఇంకా ఆ హోలిస్‌ని ఎన్నాళ్ళు మోస్తావు?"

ఫోన్ పెట్టేశాక భార్య కోరల్ కాఫీ ముందు పెట్టి, "ఆ అబ్బాయి ఆదివారం నిద్ర పాడుచేస్తున్నావయ్యా. ఏదో ఒకరోజు బదులు తీర్చుకుంటాడు చూడు," అనేది. ఆవిడ అన్నట్టే అయింది.

సెప్టెంబర్‌లో సెమీఫైనల్ కార్డినప్ జట్టు మీద ఆడాం. వాళ్ళ జట్టులో ముల్లెన్ అని పొట్టివాడొకడున్నాడు, కాళ్ళకి చక్రాలున్నట్టు పరుగెడతాడు. హోలిస్ యథాప్రకారం వెనకాల నిలబడ్డాడు. ముల్లెన్ ముందుకి దూసుకెళ్ళి బంతి పట్టుకున్నప్పుడల్లా హోలిస్ పది అడుగుల వెనక ఉన్నాడు. వాడొక్కడే ఏడు గోల్స్ కొట్టాడు. ఓడిపోయినా మాకు ఇంకో అవకాశం ఉంది కాబట్టి, మరుసటి వారం వేరే జట్టుని గెలిచి గ్రాండ్ ఫైనల్ చేరాం. ఫైనల్లో మళ్ళీ కార్డినపే, మళ్ళీ ముల్లెనే. బూరంగ కప్పు గెలిచి పంతొమ్మిదేళ్ళయింది. హోలిస్ అయితే మూడు ఫైనల్స్ ఆడి మూడూ పోగొట్టుకున్నాడు, ఇంతవరకూ మెడలో పతకం పడలేదు. ఈ సీజన్ తర్వాత మానేస్తానని చెప్పేశాడు కూడా.

ఆ ఆదివారం ఆల్బీ ఫోన్ చెయ్యగానే గావన్, "చెప్పొద్దు. ఏం చెప్తావో నాకు తెలుసు. సెలక్షన్ కమిటీలో ఉన్న పెర్స్ మోకాలి ఆపరేషన్‌కని మెల్‌బోర్న్ వెళ్ళాడు, ఒక కుర్చీ ఖాళీగా ఉంది. గురువారం పన్నెండింటికి షాపుకొచ్చి కూర్చో. ఆ చెప్పేదేదో అక్కడ చెప్పు," అన్నాడు.

ఆల్బీ గురువారం కొత్త చొక్కా వేసుకుని వెళ్ళాడు. టైర్ల షాపు వెనక గదిలో రబ్బరు వాసన మధ్య బల్ల, మూడు కుర్చీలు, మూడు పై రొట్టెలు. గావన్, ఆల్బీ కాక మూడో మనిషి లియోనీ. పోస్టాఫీసు కౌంటర్లో పనిచేస్తుంది, ఇరవై రెండేళ్ళుగా క్లబ్ సెక్రటరీ. ఇరవై ఒక్క పేర్లు పది నిమిషాల్లో తేలిపోయాయి. ఇరవై రెండో పేరు దగ్గర గావన్ పెన్ను కింద పెట్టేశాడు.

"హోలిస్, లేదంటే టీగ్," అన్నాడు. టీగ్ రిజర్వు జట్టులో ఆడే కుర్రాడు, ఇరవయ్యేళ్ళవాడు. సన్నగా ఉంటాడు, ముల్లెన్‌తో సమానంగా పరుగెత్తగలడు.

"హోలిస్," అంది లియోనీ. "రెండువందల పద్దెనిమిది మ్యాచ్‌లు ఆడినవాణ్ణి చివరి మ్యాచ్‌కి కూర్చోబెట్టడానికి నాకు చేతులు రావు. అంతే. ఇంతకన్నా నా దగ్గర కారణం లేదు."

"నాకూ అలాగే ఉంది. అయినా నేను టీగ్ అంటాను. ముల్లెన్ మళ్ళీ ఏడు కొడితే మనం గెలవం. చెప్పడానికి ఒళ్ళు మండుతోంది గానీ, పెద్దాయన ఈ ఒక్క విషయంలో ఏడాది నుంచీ సరిగ్గానే మాట్లాడుతున్నాడు." గావన్ కుర్చీ ఇటు తిప్పాడు. "ఇప్పుడు నువ్వు చెప్పాలి."

ఆల్బీ తన రొట్టెని పక్కకి జరిపాడు. కంచె దగ్గర ఆ మాట కొన్ని వేలసార్లు అన్నాడు. నాలుగ్గోడల మధ్య, ఇద్దరు మనుషుల ముందు, అది జరిగిపోయే మాటగా అనాల్సి వచ్చేసరికి నోరు పెగల్లేదు. రొట్టె చల్లారిపోయింది. లియోనీ ఆయన్ని తొందరపెట్టలేదు.

"టీగ్," అన్నాడు చివరికి. అది నిజమని నమ్మాడు కాబట్టే అన్నాడు. నమ్మకపోయి ఉంటే ఎంత బాగుండునని కూడా ఆ క్షణంలోనే అనుకున్నాడు.

గావన్ పేరు రాసుకున్నాడు. "సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక భోజనాల దగ్గర జట్టు పేర్లు చదువుతాను. ఈలోపు హోలిస్‌కి చెప్పాలి. మన పద్ధతి నీకు తెలుసుగా."

తెలుసు. తీసేసినవాడికి ఫోన్లో చెప్పకూడదు. అందరి ముందు పేర్లు చదువుతుంటే వాడికి తెలియకూడదు. కమిటీలోకి కొత్తగా వచ్చినవాడే ఇంటికెళ్ళి, ఎదురుగా నిలబడి చెప్పాలి. కోరల్ చెప్పిన బదులు ఇదేనన్నమాట.

మూడున్నరకి ఆల్బీ హోలిస్ వాళ్ళ డెయిరీకి చేరాడు. సాయంత్రం పాలు పితికే వేళ. కొట్టంలో ఆవులు రెండు వరసలుగా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య, మనిషి నిలబడి పితకడానికి తవ్విన గుంతలో హోలిస్ రబ్బరు ఏప్రన్ కట్టుకుని ఒక్కో పొదుగు తుడిచి మిషను గొట్టాలు తగిలిస్తున్నాడు. ఆల్బీ వాన గురించి మాట్లాడాడు. గడ్డి గురించి మాట్లాడాడు. గేటు దగ్గర గుంత పూడ్చుకోకపోతే ట్యాంకర్ టైర్లు పాడవుతాయని కూడా చెప్పాడు.

"ఆల్బీ," అన్నాడు హోలిస్ పని ఆపకుండా. "నువ్వు ట్యాంకర్ మానేసి మూడేళ్ళయింది. ఆ తర్వాత ఎప్పుడన్నా ఈ గేటు దాటావా? కంచె దగ్గర ఎలా చెప్తావో అలాగే చెప్పెయ్యి."

"దూరం నుంచి అరవడం తేలికరా."

"తెలుసు. చెప్పు."

"శనివారం నువ్వు ఆడటం లేదు. మూడు ఓట్లలో నాది చివరిది. నేనే తీసేశాను."

హోలిస్ ఆ వరస పూర్తిచేశాడు. గొట్టాలు తీశాడు, గేటు ఎత్తి ఆవుల్ని బయటికి వదిలాడు, కొత్త వరసని లోపలికి రానిచ్చాడు. ఆ సేపంతా ఆల్బీకేసి చూడలేదు. ఒకసారి మాత్రం మోచేత్తో మొహం తుడుచుకున్నాడు, చెమటకో దేనికో. ఆల్బీ అక్కణ్ణుంచి వెళ్ళిపోదామనుకున్నాడు గానీ, వెళ్ళిపోవడం ఇంకా పిరికితనమని ఆగాడు.

"ఎవరు?" అన్నాడు హోలిస్.

"టీగ్."

"మంచిదే. వాడు ముల్లెన్‌ని అందుకుంటాడు. నా కాళ్ళతో అయ్యే పని కాదది." ఇంకో పొదుగుకి గొట్టాలు తగిలిస్తూ, "నేను కమిటీలో ఉన్నా అదే చేసేవాణ్ణి. నువ్వొచ్చి చెప్పావు, అది చాలు. ఇంట్లో టీ ఉంది, తాగి వెళ్ళు," అన్నాడు.

ఆల్బీ తాగలేదు. దారిలో కారు పక్కకి ఆపి కాసేపు కూర్చుండిపోయాడు. తిడతాడనుకున్నాడు, కనీసం ఒక మాటైనా అంటాడనుకున్నాడు. పద్నాలుగేళ్ళు అన్నవాడికి ఒక్కరోజు పడటం న్యాయమే కదా. తన పనిని తేలిక చెయ్యాల్సిన అవసరం హోలిస్‌కి ఏముంది? ఆ మంచితనానికి ఎలా కృతజ్ఞత చెప్పాలో ఆయనకి తెలియలేదు. సాయంత్రం భోజనాల దగ్గర పేర్లు చదివినప్పుడు హోలిస్ అందరికన్నా ముందు లేచి టీగ్‌తో చెయ్యి కలిపాడు. ఆల్బీ తలుపు దగ్గరే నిలబడి అది చూసి ఇంటికొచ్చేశాడు.

శనివారం ఫైనల్ పక్క ఊరి మైదానంలో. ఆల్బీ ఎప్పటిలాగే జనానికి ఎదురు నడిచి టీగ్ వెనకాల నిలబడ్డాడు గానీ, నోరు విప్పలేదు. ఇంకో కుర్రాణ్ణి తిట్టే హక్కు తనకి లేదనిపించింది. మొదటి క్వార్టరంతా చేతులు జేబుల్లో పెట్టుకుని మూగనోము పట్టినట్టు నిలబడ్డాడు. పక్కనున్న కార్డినప్ మనిషి కూడా వింతగా చూశాడు. "ఏంటి పెద్దాయనా, నాలుకని ఇంటి దగ్గర వదిలేసొచ్చావా?" అన్నాడు.

టీగ్ బాగానే పరుగెత్తాడు. ముల్లెన్ ముందుకి దూకితే తనూ దూకాడు, రెండు బంతులు లాక్కున్నాడు. కానీ ముల్లెన్ తెలివైనవాడు. రెండో క్వార్టర్ నుంచి ఎత్తు మార్చాడు. ముందుకి రెండడుగులు వేసి కుర్రాణ్ణి లాగి, వాడి కళ్ళు బంతి మీద ఉండగానే వెనక్కి జారుకుని గోల్ దగ్గర ఒంటరిగా బంతి పట్టుకునేవాడు. అలా నాలుగు కొట్టాడు. మూడో క్వార్టర్ ముగిసేసరికి బూరంగ పదకొండు పాయింట్లు, అంటే దాదాపు రెండు గోల్స్, వెనకబడింది.

మూడో విరామంలో ఊరు ఊరంతా మైదానంలోకి దిగి, కోచ్ చెప్పే నాలుగు మాటలు వినడానికి జట్టు చుట్టూ మూగడం మాకలవాటు. ఆల్బీ వెళ్ళలేదు. కంచె వెంబడి తల దించుకుని అవతలి చివరికి నడుస్తున్నాడు. ఆ గుంపులోంచి క్లబ్ జాకెట్ వేసుకున్న భారీ మనిషి ఒకడు బయటికొచ్చి అడ్డంగా నడుచుకుంటూ ఆయన దగ్గరికొచ్చాడు.

"గొంతు పోయిందా?" అన్నాడు హోలిస్.

"లేదు."

"మరి ఎందుకు అరవట్లేదు? టీగ్‌కి వెనకాల ఏమవుతోందో తెలియట్లేదు. కనిపించట్లేదా నీకు?"

"కనిపిస్తోంది. నీకు చేసింది చాలదా, ఇంకా వాణ్ణి కూడా తిట్టాలా?"

హోలిస్ ఆయనకేసి తెల్లబోయి చూశాడు. తర్వాత నవ్వాడు. "నీకు నిజంగా తెలియదా? ఆల్బీ, బంతి మీద కన్నేసి ఉంచితే వాడు ఎటు జారుకుంటున్నాడో నాకెలా కనిపిస్తుంది? నువ్వు చెప్పేవాడివి. 'ఎడమ పక్క నుంచి పోతున్నాడు రా దున్నపోతా' అనేవాడివి. నేను ఎడమకి పోయేవాణ్ణి. 'వెనక ఇంకొకడొస్తున్నాడు, నిద్రపోతున్నావా' అనేవాడివి. పిడికిలి బిగించేవాణ్ణి. ఇన్నేళ్ళూ నేను ఆడింది నీ కళ్ళతోనే."

"అబద్ధం. ఒక్కసారి కూడా ముందుకి రాలేదు నువ్వు."

"అదొక్కటీ వినలేదు. ముందుకొస్తే ఈ కాళ్ళతో మళ్ళీ వెనక్కి వెళ్ళలేను." హోలిస్ కంచె దాటి ఇవతలికొచ్చి ఆయన పక్కన నిలబడ్డాడు. "వాడికి చెప్పొచ్చాను, ఆల్బీ గొంతు వినబడితే ఆలోచించకుండా ఆ పని చెయ్యమని. ఇక అరిచెయ్యి."

ఆల్బీ జేబుల్లోంచి చేతులు తీసి కంచె పట్టుకున్నాడు. పద్నాలుగేళ్ళుగా ఆ కంచె దగ్గర తను గాలికి అరుస్తున్నాననుకున్నాడు. అయినా అరిచాడు, ఎందుకంటే అరవకపోతే ఉండలేడు. ఇప్పుడు తెలిసింది, ఒక మనిషి దాన్ని మాట మాట ఏరుకుని వాడుకున్నాడు. జీవితంలో తనకి దక్కిన ఏ మర్యాదా దీనికి సాటి రాదనిపించింది.

ఆట మొదలైంది. మొదటి బంతికే ఆల్బీ గొంతు విప్పాడు. "కుడి పక్కన రా టీగ్. నీ కుడి. తినే చెయ్యి, తినే చెయ్యి." కుర్రాడు కుడికి పోయాడు, బంతి పిడికిలికి తగిలి కంచె బయట పడింది. "ఇంకొకడున్నాడు వెనక. చెవులు అమ్మేసుకున్నావా?" టీగ్ భుజం అడ్డం పెట్టాడు. పక్కన హోలిస్ కూడా అందుకున్నాడు. ఇద్దరూ ఒకే కుర్రాణ్ణి చెరో చెవినీ పట్టుకుని పోరుతుంటే కార్డినప్ మనిషి చెవులు మూసుకుని దూరంగా జరిగాడు.

ఆ క్వార్టర్లో ముల్లెన్‌కి ఒక్క గోల్ కూడా దొరకలేదు. అవతలి చివర హారన్లు మోగాయి, కాసేపాగి మళ్ళీ మోగాయి, ఇంకోసారి మోగాయి. గావన్ కుర్రాళ్ళు పక్కకీ వెనక్కీ ఇచ్చుకుంటూ, ఆల్బీకి ప్రాణం విసిగించిన ఆ పద్ధతిలోనే దారి చేసుకుని పోతున్నారు. నిమిషం కూడా లేదనగా బూరంగ మూడు పాయింట్లు ముందుంది. అప్పుడు కార్డినప్ మధ్యలోంచి ఒకడు గుడ్డిగా, ఎత్తుగా గోల్ కేసి తన్నాడు. అది గోల్ అయితే ఆరు పాయింట్లు, అంతా అయిపోయినట్టే.

బంతి కింద ఎనిమిదిమంది పోగయ్యారు. టీగ్ బంతికేసి చూస్తూ ముందుకి పరుగు తీశాడు. ముల్లెన్ ఆగిపోయి, మెల్లగా గోల్ గీత కేసి జారుకోవడం ఆల్బీ చూశాడు.

"వెనక్కి," అని అరిచాడు. "వెనక్కి రా టీగ్. వాడి వెనకాలకి రా."

తన నోటి నుంచి ఆ మాట వస్తుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. టీగ్ ఆలోచించలేదు. మడమల మీద తిరిగి పరుగెత్తి, ముల్లెన్ తల మీదుగా చెయ్యి చాచి, పిడికిలితో బంతిని గీత అవతలికి కొట్టేశాడు. చేతికి తగిలి గీత దాటితే గోల్ కాదు, కార్డినప్‌కి ఒక్క పాయింటే వస్తుంది. ఒక్కటే వచ్చింది. బంతి మళ్ళీ ఆటలోకి తన్నేలోపు సైరన్ మోగింది. రెండు పాయింట్ల తేడాతో గెలిచాం.

ఊరంతా మైదానంలోకి పరుగెత్తింది. మధ్యలో బల్ల వేసి పతకాలు ఇచ్చారు. పేర్లు చదివితే ఒక్కొక్కడే వచ్చి తల వంచుతున్నాడు. పతకాలు ఇరవై రెండే. ఆడినవాళ్ళకే ఇస్తారు. టీగ్ పేరు పిలిచినప్పుడు హోలిస్ అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు, కంచె దగ్గర ఆల్బీ పక్కనే నిలబడి.

"నేను చేసింది తప్పారా?" అన్నాడు ఆల్బీ.

"తప్పు కాదు. నేనుంటే ఓడిపోయేవాళ్ళం. నీకూ తెలుసు."

"తెలుసు. అయినా అది నీ మెడలో ఉండాల్సింది." ఆల్బీ గొంతు నిజంగానే బొంగురుపోయింది. "పద్నాలుగేళ్ళలో నిన్ను ఒక్కసారి కూడా మెచ్చుకోలేదురా. బాగా ఆడావు. ప్రతి మ్యాచూ బాగా ఆడావు. నా శనివారాలన్నీ నువ్వే నిలబెట్టావు. ఈ మాట ఎప్పుడో చెప్పాల్సింది."

మైదానం మధ్యలో కుర్రాళ్ళు ఒకరి మీద ఒకరు పడి కేకలు పెడుతున్నారు.

"ఇరవయ్యేళ్ళప్పుడు మొదటి మ్యాచ్‌లో వెనక్కి తిరిగి చూశాను," అన్నాడు హోలిస్. "నా వైపు ఒక్క మనిషి లేడు. భయమేసింది. అప్పుడు నువ్వు నడుచుకుంటూ వచ్చి, నన్ను దున్నపోతా అన్నావు. ఆ రోజు నుంచీ వెనక్కి తిరిగి చూసే అవసరం రాలేదు నాకు." చేత్తో ఆయన భుజం పట్టుకున్నాడు. "మా నాన్న కూడా అవతలి వైపే నిలబడేవాడు, ఆల్బీ."